అద్దె ఇంటి మీద పెట్టుబడి: రాబడి, బాధ్యత

అద్దెకు ఇవ్వడానికి ఇల్లు కొంటే నెలనెలా నిశ్చింతగా డబ్బు వస్తుందా అన్నది ప్రశ్న. డబ్బు వస్తుంది గాని, నిశ్చింత మాత్రం యజమాని శ్రద్ధను బట్టే ఉంటుంది. చాలామంది నెల అద్దెను 12తో హెచ్చవేసి అదంతా రాబడి అనుకుంటారు. కాని ఇల్లు ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉన్నా అద్దెలో 8 శాతానికి పైగా పోతుంది, ఆపైన ఆస్తిపన్ను, బీమా, మరమ్మతులు, రంగులు ఉండనే ఉన్నాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అద్దెదారు ఎంపిక. కొంచెం ఎక్కువ ఇస్తానని తొందరపెట్టే వ్యక్తి కన్నా, స్థిరమైన ఆదాయం ఉండి, పాత యజమాని మంచిమాట చెప్పిన వ్యక్తి ఎంతో మేలు. తాళాలు అప్పగించే రోజునే గదులన్నిటి ఫోటోలు తీసి ఒప్పందపత్రానికి జతచేస్తే, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టు గురించి వాదన చాలావరకు తప్పుతుంది. కుళాయి కారుతోందని ఫోన్ వస్తే ఆలస్యం చేయకండి; నీరు గోడలోకి దిగాక అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

లాభం నెమ్మదిగానే కనిపిస్తుంది. స్థిర వడ్డీకి తీసుకున్న అప్పులో వాయిదా మారదు, అద్దె సాధారణంగా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది, ఈలోగా ఆ అద్దెతోనే అసలు కూడా తీరుతూ వస్తుంది.