పంచదార డబ్బా పారేయకు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం నువ్వొచ్చి తనని హైదరాబాద్ తీసుకెళ్తున్నావని, ఇక తన షుగర్ జబ్బుకి మందూ తిండీ అన్నీ నువ్వే చూసుకుంటావని చెప్పాడు. "అక్కా, దాని ఇంట్లో పంచదార అనేదే ఉండదట. అన్నీ షుగర్ ఫ్రీవే కొనిపెట్టిందట" అన్నాడు. నా తమ్ముణ్ణి కన్నకూతురు ఇలా చూసుకుంటుందంటే కళ్లు చెమర్చాయి. కానీ ఆ పంచదార మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

మందుల టైము, నడక, రోజూ పాదాలు చూడటం అన్నీ డాక్టర్ గారు చెప్పే ఉంటారు. నేను చెప్పేది ప్యాకెట్ల సంగతి.

ముందువైపు పెద్ద అక్షరాలు చూసి ఏదీ కొనకు. వెనక్కి తిప్పు. మన దేశంలో 100 గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకపోతే షుగర్ ఫ్రీ అని వేసుకోవచ్చు. ఆ మాటకి అర్థం అంతవరకే. మైదా ఎంతున్నా దానికి అడ్డు రాదు. మీ నాన్న కడుపులోకి వెళ్లాక ఆ మైదా కూడా చక్కెరే అవుతుంది. నువ్వు కొన్న బిస్కెట్లలో కార్బోహైడ్రేట్ ఎంతుందో ఒకసారి చూడు, 100 గ్రాములకి 60 దాటే ఉంటుంది. రెండు ప్యాకెట్లు పోల్చడానికి 100 గ్రాముల అంకె చూడు. నాన్నకి పెట్టేటప్పుడు మాత్రం ఆయన ప్లేటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు.

'చక్కెర కలపలేదు' అన్న పళ్ల రసంలో పండు చక్కెర ఎక్కడికీ పోదు. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. అక్కడ మాల్టోడెక్స్‌ట్రిన్ కనబడితే జాగ్రత్త, నాలుక్కి పెద్దగా తీపి తెలియదు గానీ ఒంట్లో గ్లూకోజులాగే గబగబా ఎక్కుతుంది. చక్కెర బదులు వేసే మాల్టిటాల్ అనో, దాని 965 నంబరో ఉంటే, అది ఒంట్లో షుగర్‌ని చక్కెర కంటే తక్కువే పెంచుతుంది, కానీ పెంచుతుంది. ఎక్కువ తింటే విరేచనాలు కూడా. మీ మామయ్య ఒక దసరాకి షుగర్ ఫ్రీ కదా అని ఆరు ముక్కలు తిని రెండు రోజులు మంచం దిగలేదు.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి ఈ నెల నుంచి రాత్రిపూట ఇన్సులిన్ పెట్టారట కదా. మామయ్యకీ అలాగే మొదలైంది. నేనూ నీలాగే నడుం బిగించాను. పంచదార డబ్బా పనిమనిషికి ఇచ్చేశాను. అటక మీది బెల్లం, ఆఖరికి దేవుడి దగ్గర పటికబెల్లం కూడా తీసేశాను. ఫ్రిజ్ నిండా షుగర్ ఫ్రీ డ్రింకు డబ్బాలు పెట్టి, ఇంటికొచ్చిన వాళ్లకి చూపించుకునేదాన్ని.

ఒక రాత్రి ఆయనకి ఆకలి లేదని రెండు ముద్దలు తిని లేచారు. ఇన్సులిన్ మాత్రం రోజూ చేసుకునేంత చేసుకున్నారు. నేనూ అడగలేదు. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చెయ్యి వేస్తే బనీను తడిసి ముద్దయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. "బస్సు వెళ్లిపోతుంది, చెప్పులేవి" అంటున్నారు. వేలికి గుచ్చి చూస్తే షుగర్ 48కి పడిపోయింది. వంటింట్లోకి పరిగెత్తాను. ఏముంది అక్కడ? ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి గ్లాసులో పోసి తాగించాను. తియ్యగానే ఉంది కదా అనుకున్నాను, బుజ్జీ. పావుగంట గడిచాక మళ్లీ చూస్తే 44. నన్ను వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచారు.

చెప్పులైనా లేకుండా వెళ్లి ఎదురింటి తలుపు బాదాను. ఆవిడ స్టీలు గ్లాసులో పంచదార పోసి నా చేతిలో పెట్టింది. మూడు చెంచాలు నీళ్లలో కలిపాను. కలపడానికి కూడా చేతులు ఆడలేదు. అడుగున కరగని పలుకులు వేలితో తీసి ఆయన చిగుళ్లకి రాశాను. పావుగంటకి 76 వచ్చింది. "నువ్వెందుకు ఏడుస్తున్నావ్?" అని అడిగారు.

తెల్లారాక ఆ ఖాళీ డబ్బా తిప్పి చూశాను. కార్బోహైడ్రేట్ దగ్గర సున్నా. అప్పటికి నెల రోజులుగా ఆ డబ్బాలు కొంటున్నాను, ఒక్కసారైనా ఆ గీత చదవలేదు.

అందుకే చెప్తున్నాను. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వు, పావుగంట ఆగి మళ్లీ చూడు, పెరగకపోతే మళ్లీ ఇవ్వు. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు ఉంటుంది, నెమ్మదిగా ఎక్కుతుంది. ఆయన మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకు, ఆ రాత్రి నేను చేసినట్టు చిగుళ్లకీ రాయకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

ఇంకో మాట. మీ నాన్న దొంగతనంగా తీపి తింటే తిట్టకు. చిన్నప్పుడు అటక మీద బెల్లం కుండలో చెయ్యి పెట్టి చీమలతో సహా నోట్లో వేసుకునేవాడు. కింద స్టూలు పట్టుకున్నది నేనే. తిట్టావంటే దాచుకుని తింటాడు, ఎంత తిన్నాడో నీకు తెలియదు. లెక్క తెలియకపోవడం తీపి కంటే ప్రమాదం.

నాన్న సంచిలో ఆవకాయ సీసా పక్కన చిన్న స్టీలు డబ్బా పెట్టి పంపిస్తున్నాను. మామయ్య తలగడ దగ్గర ఎనిమిదేళ్లు ఉన్నదే. కొత్త పంచదార పోశాను. నాన్న మంచం పక్కన పెట్టు. మూత కాస్త బిగుతు, పగలే రెండు మూడుసార్లు తీసి చూసుకో.

నీ అత్త