సరదాకు అన్న మాటేనంటారు మావారు

ప్రశ్న: మాది తిరుపతి. మావారు ట్రావెల్స్ నడుపుతారు. యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి, వెల్లూరు దగ్గరి శ్రీపురం తిప్పి తీసుకొస్తుంటారు. నా తమ్ముడికి 29 ఏళ్లు. డిగ్రీ తర్వాత నాలుగేళ్లు గ్రూప్-2కు చదివాడు, ఉద్యోగం రాలేదు. రెండేళ్లుగా మావారి దగ్గరే బుకింగులు చూస్తున్నాడు. వచ్చిన కొత్తలోనే మావారు వాడికి ‘కలెక్టరు గారు’ అని పేరు పెట్టారు. ‘కలెక్టరు గారూ, బండి కడిగించారా?’ అంటే అందరం నవ్వేవాళ్లం. వాడూ నవ్వేవాడు. ఇప్పుడు డ్రైవర్లు కూడా అలాగే పిలుస్తున్నారు. పోయిన నెల పలమనేరులో వాడికి పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయి ఏం చేస్తాడని అమ్మాయి తండ్రి అడిగితే, ‘కలెక్టరు గారండీ, జీతం మాత్రం నేనే ఇస్తున్నాను’ అన్నారు మావారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. తమ్ముడు ఏమీ అనకుండా బయటికి వెళ్లి, బస్సెక్కి చిత్తూరులో అమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి పనికి రాడు, ఫోను ఎత్తడు, గదిలోంచి బయటికి రాడు. ‘బావ, బావమరిది అన్నాక ఆ మాత్రం హాస్యం ఉండదా? నా మనసులో ఏమీ లేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తాను’ అంటున్నారు మావారు. వాడికి నచ్చజెప్పి, బావకు క్షమాపణ చెప్పించి పనిలోకి పంపమని అమ్మ అంటోంది. వాడు మరీ సున్నితమా? మావారిది తప్పా? నేనేం చేయాలి?

జవాబు: కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి మన వైపు ఎవరూ సాహసించరమ్మా. మీవారు అంత మాట అన్నారంటే ఆయన మనసులో నిజంగానే ద్వేషం లేదని నేను నమ్ముతున్నాను. మీరూ నమ్మండి. కానీ తమ్ముడు ఆయన మనసును శంకించి వెళ్లిపోలేదు. పెళ్లిచూపుల్లో, కాబోయే మామగారి ముందు, తన బతుకు నవ్వులపాలైతే తట్టుకోలేక వెళ్లిపోయాడు. ఆయన ఉద్దేశం మంచిదన్నది ఎంత నిజమో, తమ్ముడికి తగిలిన దెబ్బ కూడా అంతే నిజం. జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడా గురించే. ఆటపట్టించేవారికి తమ మాట తేలికగా, సరదాగా కనిపిస్తుంది. ఆ మాట పడ్డవారికి అదే మాట అంత తేలికగా తోచదు. అన్నవారికి తమ ఉద్దేశం ముందే తెలుసు, పడ్డవారికి చేరేది మాట ఒక్కటే. అందుకే ‘సరదాకు అన్నాను’ అని మీవారు ఎన్నిసార్లు చెప్పినా తమ్ముడి బాధ తగ్గదు. ఆ ప్రమాణం సంగతి ఇక పక్కన పెట్టండి.

బావ, బావమరిది అన్నాక హాస్యం ఉండదా అంటే తప్పకుండా ఉంటుంది. మన పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాటలు పాడతాం, పెళ్లికొడుకు చెప్పులు దాచి డబ్బులు ఇచ్చేదాకా సతాయిస్తాం. పెళ్లితో కలిసిన రెండు కుటుంబాల మధ్య చుట్టరికం ఉంటుంది, కాస్త ఎడమూ ఉంటుంది. ఆ ఎడం గొడవగా మారకుండా కొన్ని వరసల మధ్య ఎగతాళిని ఆచారమే అనుమతిస్తుందని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఒక వ్యాసంలో వివరించారు. అలాంటి వరసల్లో కొన్నిచోట్ల ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటారని, మరికొన్నిచోట్ల ఒకరే అంటారని, రెండోవారు పడతారని కూడా ఆయన గమనించారు. మన పెళ్లిపాటలది మొదటి పద్ధతి. ఆడపెళ్లివారు ఒక పాట అందుకుంటే మగపెళ్లివారు మరో పాటతో బదులిస్తారు. మీ ఇంట్లో ఏ పద్ధతి నడుస్తోందో మీరే చెప్పాలి. ఈ రెండేళ్లలో మీ తమ్ముడు బావకు ఏదైనా పేరు పెట్టాడా? ‘ఏం బావా, బండ్ల వాయిదాలు ఇంకెన్ని మిగిలాయి?’ అని డ్రైవర్ల ముందు నవ్వుతూ అడగగలిగాడా? అడిగి ఉంటే మీవారు నవ్వేవారా?

అడగలేడు. ఎందుకో మీకు నాకంటే బాగా తెలుసు. ఆయన జీతం ఇచ్చే యజమాని. ఎవరూ పని ఇవ్వని రోజుల్లో పిలిచి పని ఇచ్చిన మనిషి, ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. అన్నిటికీ మించి అక్క మొగుడు. ఆడపిల్లనిచ్చిన ఇంటి మగపిల్లవాడు బావ ముందు నోరు విప్పాలంటే ముందు అక్క కాపురం గుర్తుకొస్తుంది. తాను ఒక మాట తిరిగి అంటే ఆ రాత్రి దాని ఫలితం మీ మీద పడుతుందేమోనని ఎన్నిసార్లు మింగుకున్నాడో. ‘వాడూ నవ్వేవాడు’ అని రాశారు. ఆ నవ్వును నేను సమ్మతిగా తీసుకోలేను. నవ్వకుండా ఉండే వీలు లేనివాడు నవ్విన నవ్వు అది.

మీ ఊరి గంగ జాతరనే తీసుకోండి. ఏటా వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ రోజుకో వేషం కడతారు. వేషం కట్టినవాళ్లు ఎదురైనవాళ్లను నోటికొచ్చినట్టు బూతులు తిట్టడం ఆ జాతర ఆచారం. స్త్రీలను చెరిచిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, వాణ్ని బయటికి రప్పించడానికే ఈ వేషాలూ తిట్లూ పుట్టాయని పెద్దలు చెబుతారు. మామూలు రోజున ఆ మాటల్లో ఒక్కటి అన్నా తల పగిలే గొడవ అవుతుంది. జాతరలో మాత్రం ఎవరూ కోపం తెచ్చుకోరు. దానికి చాటింపు ఉంది, ముగింపు ఉంది. ఎదురుపడినవాడు పెద్ద షాపు యజమానా, కూలీయా అని చూసి తిట్టరు. ఈ ఏడు తిట్టు తిన్నవాడు వచ్చే ఏడు తానూ వేషం కట్టవచ్చు. తిట్టు అంత ఘాటుగా ఉన్నా అవమానం కాకపోవడానికి ఈ కట్టుబాట్లే కారణమని నేను అనుకుంటాను. మీ తమ్ముడి మీద పడ్డ మాట బూతు కాదు, పైకి గౌరవంగా ‘గారు’ కూడా ఉంది. కానీ రెండేళ్లుగా రోజూ పడుతోంది, ఒక్కడి మీదే పడుతోంది, తిరిగి అనే వంతు అతనికి ఒక్కనాడూ రాలేదు.

ఆ మాట ఎక్కడ తగిలిందో కూడా చూడాలి. ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉంటూ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ చదివే పిల్లలను నేను చూస్తూనే ఉంటాను. ఇంటి నుంచి డబ్బు అడగడానికి మొహమాటపడి ఒక పూట టిఫిను మానేసేవాళ్లున్నారు. గ్రూప్-2 వస్తే డిప్యూటీ తహసీల్దారో, సబ్ రిజిస్ట్రారో అవుతారు, కలెక్టరు కారు. మీ తమ్ముడు నాలుగేళ్లు ఆశపడ్డది ఆ చిన్న కుర్చీ కోసం. అది దక్కనివాడిని రోజూ పెద్ద కుర్చీ పేరుతో పిలుస్తూ, ఆ పేరుతోనే బండి కడిగించారా అని అడుగుతుంటే అతను ఏ రోజు ఆ ఓటమిని మరిచిపోగలడు? మనిషి తానే చెప్పుకుని నవ్వుకునే విషయాల మీద వేళాకోళం చేయవచ్చు. కాఫీ లేనిదే లేవడనో, క్రికెట్ చూస్తూ కుర్చీలు విరగ్గొడతాడనో అనుకోవచ్చు. ఇంకా మానని గాయం మీద చేయకూడదు. మీ తమ్ముడు సున్నితమైనవాడు కాదమ్మా. రెండేళ్లు ఓర్చుకున్నాడు. పలమనేరులో కూడా నలుగురిలో బావను ఒక్క మాట అనలేదు.

మీవారిది తప్పే. అందులో మీ పాలూ ఉందని చెప్పకపోతే నేను మీకు న్యాయం చేసినట్టు కాదు. బావ అంటున్నప్పుడు అక్క నవ్వితే, ఆ మాటకు ఇంటివాళ్ల ఆమోదం దొరికినట్టే. డ్రైవర్లకు ధైర్యం వచ్చింది కూడా అక్కడి నుంచే. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనటం లేదు. దీన్ని మార్చడంలో మీ చేతిలో ఉన్నది ఎంతో మీకు తెలియాలి.

అమ్మ చెప్పినట్టు మాత్రం చేయకండి. తమ్ముడితో బావకు క్షమాపణ చెప్పిస్తే, ఇక ఆ పిల్లవాడు జన్మలో మీ గడప తొక్కడు. తొక్కినా మనసు చంపుకునే తొక్కుతాడు. ముందు మీవారితో మాట్లాడండి. బండ్లన్నీ వచ్చి, లెక్కలు అయిపోయి, పిల్లలు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు. పాత సంగతులన్నీ తవ్వకండి, మీ అత్తగారి ప్రస్తావన తేకండి. ‘ఏమండీ, మీరు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. కానీ అక్కడ వాడి ముఖం నేను చూశాను. ఆ పేరు ఇక మన ఇంట్లోనూ ఆఫీసులోనూ వినపడకూడదు. ఇన్నాళ్లు నేనూ నవ్వాను, ఇక నవ్వను.’ ఇంతే చెప్పండి. ‘అయితే నేనిక నోరు కట్టుకుని కూర్చోవాలా?’ అని ఆయన అనవచ్చు. అక్కర్లేదు. హాస్యం మానమని ఎవరూ అడగటం లేదు. ఒక్క విషయం వదిలేయమంటున్నాం, తాను కూడా నాలుగు మాటలు పడటానికి సిద్ధంగా ఉండమంటున్నాం. తమ్ముడు తిరిగి ఒక మాట అన్నప్పుడు మీవారికి నిజంగా నవ్వొచ్చిన రోజున, ఆయన కోరుకుంటున్న బావాబావమరుదుల సరదా మీ ఇంట్లో మొదలవుతుంది.

ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు. వాదించకండి. ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు నవ్వకుండా, ‘ఆ పేరు వద్దన్నాను కదండీ’ అని అక్కడే, మెల్లగా అనండి. ఎవరున్నా సరే. ఎన్నిసార్లయినా సరే. నవ్వేవాళ్లు లేని ఎగతాళి ఎక్కువ రోజులు సాగదు.

డ్రైవర్లకు చెప్పవలసింది కూడా ఆయనే. మీరు చెబితే చాటుగా మరింత నవ్వుకుంటారు. అందరూ ఉన్నప్పుడు, ‘ఇక నుంచి అతన్ని పేరు పెట్టి పిలవండి, ఆ మాట మొదలుపెట్టింది నేనే, ఇక వద్దు’ అని ఆయన ఒక్కసారి అంటే చాలు. తమ్ముడికి క్షమాపణ మాత్రం ఫోనులో వద్దు. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు, రోజూ కాణిపాకం వెళ్లే బండ్లున్న మనిషికి అది దూరమే కాదు. వెళ్లి, మీ అమ్మగారు వింటుండగా, ‘నలుగురిలో అలా అనకూడదు, నాది తప్పు’ అనాలి. ‘నీకు బాధ కలిగి ఉంటే’ అని మొదలుపెడితే అది మళ్లీ తప్పును తమ్ముడి మీదకే తోస్తుంది.

అంతకంటే ముందు మీరు ఒక్కరే చిత్తూరు వెళ్లండి. ఇది రేపే చేయండి. నెల రోజులుగా గది దాటని మనిషి గురించి నాకు దిగులుగా ఉంది. రాయబారం తీసుకెళ్లకండి, ‘బావ సరదాకు అన్నాడురా’ అనే మాట నోటి వెంట రానీయకండి. పక్కన కూర్చోండి. ‘నేనూ నవ్వానురా, నవ్వకుండా ఉండాల్సింది’ అనండి. మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే అన్నం పెట్టి రండి, రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లండి. తిండి, నిద్ర ఎలా ఉన్నాయో అమ్మను అడగండి. తనకు బతకాలని లేదనో, తాను ఎందుకూ పనికిరాననో అంటుంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. దానికి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అతను చేయనంటే మీరు చేసి ఏం చేయాలో అడగండి.

ఉద్యోగం సంగతి తమ్ముడికే వదిలేయండి. మళ్లీ బావ దగ్గర చేస్తాడో, వేరేచోట చూసుకుంటాడో అతని ఇష్టం. రెండేళ్లు బుకింగులు చూసినవాడికి ఊరినిండా హోటళ్లు, ట్రావెల్స్ ఉన్న తిరుపతిలో పని దొరకకపోదు. వేరేచోట చేరినా దాన్ని అలకగా లెక్కపెట్టకండి. బావ ఎప్పటికీ యజమాని కాకుండా బావగానే ఉండటం ఇద్దరికీ మంచిది కూడా కావచ్చు. రావలసిన జీతం ఏమైనా ఉంటే అడిగించుకోకుండా ముందే ఇచ్చేయండి.

ఇక పలమనేరు సంబంధం. వాళ్లు ఇంకా కాదనకపోయి ఉంటే, అమ్మాయి తండ్రికి మీవారే ఫోను చేయాలి, అదీ తమ్ముడిని అడిగి, అతను సరేనంటేనే. ఆ రోజు తాను అన్నది పొరపాటు మాట అని చెప్పి, ఆయన అడిగిన ప్రశ్నకు అప్పుడు ఇవ్వవలసిన జవాబు ఇప్పుడు ఇవ్వాలి. అబ్బాయి డిగ్రీ చదివాడు, రెండేళ్లుగా నా ఆఫీసులో బుకింగులన్నీ చూశాడు, జీతం ఇంత, అలవాట్లు మంచివి అని.