గేమ్‌లో బాక్సులు కొంటూ డబ్బంతా పోగొట్టాడు, ఇది జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా ఆయన విశాఖలో పని చేస్తారు. మా అబ్బాయికి 15 ఏళ్లు, ఈసారి మెట్రిక్ రాయాలి. నా ఫోన్‌లో గేమ్ ఆడుతూ రెండు నెలల్లో 80, 160, 400 చొప్పున దాదాపు 14 వేలు ఖర్చు పెట్టాడు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం కింద నాకు పడిన 5 వేలు కూడా అందులోనే పోయింది. అవన్నీ ఏవో బాక్సులు తెరవడానికట. ‘ఇంకో రెండు తెరిస్తే ఆ గన్ స్కిన్ వచ్చేసేది’ అని ఏడుస్తున్నాడు. స్కిన్ అంటే ఆటలో తుపాకీకి వేసే కొత్త రంగుల రూపమట. వాళ్ల నాన్న వచ్చి బాగా కొట్టారు. ఇది జబ్బా? మందులున్నాయా?
– ఒక తల్లి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ కొట్టడం ఆపించండి. దెబ్బలకు భయపడిన పిల్లాడు ఆట మానడు, దాచడం నేర్చుకుంటాడు. తర్వాత స్నేహితుల ఫోన్లు, అప్పులు మొదలవుతాయి.

తీర్థాల్లో డబ్బు కట్టి చక్రం తిప్పే ఆట మీరు చూసే ఉంటారు. ఈ బాక్సులూ అలాంటివే, లోపల ఏముందో డబ్బు కట్టి తెరిస్తే గానీ తెలియదు. ప్రతిసారీ వచ్చే బహుమతి మనకు త్వరగా విసుగు పుట్టిస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియనిది మాత్రం వదలనివ్వదు. స్కినర్ అనే అమెరికన్ సైకాలజిస్టు పావురాల మీద చేసిన ప్రయోగాల్లోనే ఇది తేలింది. పెట్టె తెరుచుకోబోయే ఆ క్షణంలోని ఆత్రమే అసలు మత్తు. పైగా మంచి స్కిన్ పక్కదాకా వచ్చి జారిపోయినట్టు బొమ్మ చూపిస్తారు. మీవాడు ‘ఇంకో రెండు’ అంటున్నది అందుకే.

ఆ లెక్క తప్పని వాడికి చూపించాలి. ఆ స్కిన్ వచ్చే అవకాశం బాక్సుకు 1 శాతం అనుకుందాం. వంద బాక్సులు తెరిచినా ప్రతి వంద మందిలో దాదాపు 37 మందికి అది రాదు. బాక్సు 40 రూపాయలైతే 4 వేలు పోసినట్టే. నిన్న పోయిన డబ్బు ఇవాళ్టి అవకాశాన్ని పెంచదు. కొన్ని గేముల్లో ఇన్నిసార్లు తెరిస్తే తప్పక ఇస్తామంటారు. అది ఇంకా ప్రమాదం, పిల్లలు అక్కడిదాకా కొంటూనే పోతారు. రూపాయలను ముందు డైమండ్స్ అనే ఆట డబ్బుగా మార్పిస్తారు కాబట్టి ఖర్చవుతున్నది అమ్మ డబ్బని వాడికి తట్టదు. డబ్బు పెట్టి కొనే ఇలాంటి బాక్సులు జూదమేనని బెల్జియంలో 2018లోనే తేల్చారు. పెద్దవాళ్లే నిలవలేని చోట 15 ఏళ్ల వాడు ఒక్కడే నిలబడాలనడం అన్యాయం.

జబ్బా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. కానీ ఆట అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం మామూలుగా 12 నెలల పాటు ఉంటేనే ఆ పేరు పెడతాం. మీవాడికి ఇప్పుడే ఆ ముద్ర వేయొద్దు. బాక్సుల అలవాటుకంటూ విడిగా మాత్ర లేదు. నిద్ర పట్టకపోవడం, దిగులు, చదువు మీద నిలకడ లేకపోవడం ఉంటే మాత్రం వాటికి వైద్యం ఉంది. మెట్రిక్ టెన్షన్ నుంచి తప్పించుకోవడానికి ఆటలోకి పోయే పిల్లలూ ఉంటారు. ‘ఎందుకు ఆడావు’ అనకుండా ‘బడిలో ఎలా ఉంది’ అని అడిగి చూడండి.

డబ్బు సంగతి ఈ రోజే చూడండి. వాడికి తెలిసిన యూపీఐ పిన్ మార్చండి. ప్లే స్టోర్‌లో దాచి ఉన్న కార్డు, యూపీఐ తీసేయండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. సుభద్ర డబ్బు పడే ఖాతాను ఫోన్ చెల్లింపులకు వాడకండి. వాటికి కొద్దిపాటి సొమ్ముండే వేరే ఖాతా చాలు. కొని 48 గంటలు దాటకపోతే గూగుల్ ప్లేలో రిఫండ్ అడగవచ్చు, దాటితే గేమ్ కంపెనీకి రాయాలి. తక్కువకే డైమండ్స్ ఇస్తామని ఎవరైనా డబ్బు గుంజి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ప్లే స్టోర్‌లోని కొనుగోళ్ల చిట్టా తెరిచి, మొత్తం వాడి చేతే కూడించండి. ఆ సమయంలో మీరు తిట్టకూడదు. ఫోన్ పూర్తిగా లాగేసుకోవద్దు, రోజూ కొంతసేపు మీ కళ్లెదుట ఆడనివ్వండి. మొదట్లో విసుగు, కోపం చూపిస్తాడు, మీరు మాట మార్చకండి.

నెల తిరిగినా తగ్గకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగానికి గానీ, దగ్గరనుకుంటే శ్రీకాకుళానికి గానీ తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ‘చచ్చిపోతాను’ అన్న మాట ఒక్కసారి అన్నా బెదిరింపని కొట్టిపారేయకండి. వాడిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.