తలుపుల సంగతి మరిచిపోవద్దు

అమ్మణ్ణీ,

తిరుపతిలో మూతపడిన టాకీసుని లీజుకి తీసుకుని నాటకాలు, పాటకచ్చేరీలు పెట్టబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. భలే సంబరమైంది. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు. మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్న ఊళ్ళో నీ హాలుకి జనం ఎందుకు రావాలో నువ్వు ఆలోచించే ఉంటావు. ఆ జోలికి నేను పోను.

సినిమా లైసెన్సు వేరు, నాటకాలకి అనుమతి వేరు. కార్పొరేషన్లో, పోలీసుల దగ్గర, ఫైర్ ఆఫీసులో విడివిడిగా కనుక్కో.

ఆపరేటర్‌గా నాకు తెలిసింది చెప్తా. సినిమాలో మాట తెర వెనకున్న స్పీకర్ల నుంచి, తెరకుండే సన్న బెజ్జాల గుండా వస్తుంది. ప్రతిధ్వని రాకుండా గోడలకి మెత్తటి అట్టలు కొట్టి ఉంటారు. అందుకే వట్టి గొంతు వెనక వరసకి చేరదు. తెర తీసేయ్, ముందు రెండు వరసల కుర్చీలూ పీకేయ్. మన చిత్తూరు పల్లెల్లో పగలు హరికథ, రాత్రి నాటకంగా 18 రోజులు భారతం ఆడేవాళ్ళని పిలుస్తావంట. వాళ్ళు నేల మీద, జనం మధ్య ఆడేవాళ్ళు. ఎత్తు స్టేజీ ఎక్కించకు.

ఇక తలుపులు. నేను పనిచేసిన ఒక హాల్లో టికెట్ లేనోళ్ళు దూరుతున్నారని మేనేజరు పక్క గేట్లకి తాళాలేయించేవాడు. ఒక పండగ రోజు సెకండ్ షోలో వైరు కాలి పొగ లేచింది. క్యాబిన్ కంతలోంచి చూస్తున్నా, జనమంతా ఎడమ గేటు మీద పడ్డారు. తాళంచెవి గూర్ఖా దగ్గర, గూర్ఖా టీకొట్టు దగ్గర. ప్రొజెక్టర్ ఆపి, లైట్లేసి అరిచా. ఎవరికి వినబడుతుంది? చివరికి ఎవరో గడ్డపారతో గొళ్ళెం ఊడబెరికారు. ప్రాణాలు పోలేదు. ఒకామెకి చెయ్యి విరిగింది. పిల్లోడు దొరికేదాకా ఆ సంగతే ఆమెకి తెలీదు. మర్నాడు మేనేజరు చేసిందల్లా కొత్త గొళ్ళెం పెట్టించడం, ఇంకాస్త లావుది.

1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది పోయారని, బాల్కనీలో దారి మూసి కుర్చీలు వేశారని చదివినప్పుడు ఆ గొళ్ళెమే కళ్ళ ముందు కనబడింది.

నీ హాలు తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి. ఆట నడుస్తున్నంతసేపూ ఒక్క తాళం ఉండకూడదు. పదిమంది ఊరికే దూరితే దూరనీ. నడిచే దారిలో ఎక్స్‌ట్రా కుర్చీ వేశావని తెలిస్తే నీతో మాట్లాడను, చెప్తున్నా. నాటకాలోళ్ళు హారతి వెలిగించొద్దంటే వినరు, పక్కనే ఇసక బకెట్‌తో మనిషిని నిలబెట్టు.

వేళకి తిను. చిన్నప్పుడూ రిహార్సలంటే అన్నం మరిచేదానివి. అప్పు ఎంత చేశావో మీ నాన్న చెప్పడం లేదు, నువ్వే రాయి.

మీ పెద్దనాయన