గోడ వెంబడి అడ్డంగా పరుగెత్తబోతే రెండో అడుగు జారిపోతోంది, ఏం చేయాలి?

మీరు కావలిలో డిగ్రీ చదువుతున్నారనీ, వీడియోల్లో చూసినట్టు గోడ వెంబడి అడ్డంగా పరుగెత్తబోతే మొదటి అడుగు నిలుస్తోంది గానీ రెండోది జారిపోతోందనీ, కాళ్లలో బలం చాలడం లేదేమోనని గుంజీలు పెంచారనీ రాశారు. నేర్పేవారు దగ్గరలో లేరు కాబట్టి ఇంటి ప్రహరీ మీదనే సాధన చేయవచ్చా, అసలు ఇది కెమెరా మాయా, నిజంగా సాధ్యమా అని కూడా అడిగారు. నేను నెల్లూరులో ఉంటాను. కొన్నేళ్లుగా పార్కూర్ (దారికి అడ్డొచ్చే గోడలు, మెట్లు వంటివాటిని పరుగెత్తి, దూకి దాటే విద్య) సాధన చేస్తూ, ఇప్పుడు మా పేట కుర్రవాళ్లు కొందరికి తెలిసినంత చూపిస్తున్నాను. నేను చూసినంతలో ఈ జారుడుకు కాళ్ల బలంతో సంబంధం చాలా తక్కువ. గోడ మీద పడే అడుగుల సంగతి నేల మీద వేసే చివరి మూడు నాలుగు అడుగుల్లోనే తేలిపోతుంది.

ముందుగా మాయ సంగతి చెప్పి ముగిస్తాను. ప్యారిస్‌కు దక్షిణాన ఉన్న లీస్ పట్టణంలో డేవిడ్ బెల్, అతని మిత్రులు పెంచిన ఈ విద్యను అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య 2018లో తన క్రీడల్లో చేర్చుకుంది. మొదటి ప్రపంచ పోటీలు 2022లో టోక్యోలో జరిగాయి. కాబట్టి విద్య నిజమైనదే. తిన్నని గోడ మీద రెండు, మూడు, బాగా ఆరితేరినవారికి నాలుగు అడుగులు పడతాయి. సినిమాలో కథానాయకుడు పది పన్నెండు అడుగులు వేశాడంటే అతని నడుముకు తాడు ఉందన్నమాట.

ఇంతకు మించి ఎందుకు పడవో తెలిస్తే మీ రెండో అడుగు ఎందుకు జారుతోందో కూడా తెలుస్తుంది. నిలువుగా ఉన్న గోడ మీద బూటుకు పట్టు దొరకాలంటే బూటు గోడను గట్టిగా అదమాలి. ఆ అదుము మనం గోడవైపు తెచ్చుకున్న వేగం నుంచే వస్తుంది. గోడ ఆ వేగాన్ని ఆపుతున్నంతసేపే అదుము ఉంటుంది, అదుము ఉన్నంతసేపే రాపిడి మనల్ని కిందికి జారనివ్వకుండా పట్టుకుంటుంది. తిరునాళ్లలో బావిలో మోటారుసైకిలు తిప్పే మనిషి ఎంతసేపైనా పడిపోకుండా తిరగగలగడానికి కారణం గోడ గుండ్రంగా ఉండి అతని దారిని ప్రతి క్షణం లోపలికి వంచుతూ ఉండటమే. మన ప్రహరీ తిన్నగా ఉంటుంది కాబట్టి మనం తెచ్చుకున్నది ఒక్కసారే ఖర్చవుతుంది.

ఉజ్జాయింపు లెక్క ఒకటి చూడండి. మీరు సెకనుకు 5 మీటర్ల వేగంతో, గోడకు 30 డిగ్రీల కోణంలో వస్తే, అందులో గోడవైపు పోయే వేగం 2.5 మీటర్లు, గోడ వెంబడి పోయే వేగం సుమారు 4.3 మీటర్లు. గరుకు గోడ మీద బూటు మంచి రబ్బరు అడుగుకు రాపిడి గుణకం (పట్టు ఎంతో చెప్పే సంఖ్య) 0.8 అనుకుంటే, ఆ 2.5 మీటర్ల వేగాన్ని ఆపే క్రమంలో గోడ మీకు పైకి ఇవ్వగలిగింది సెకనుకు 2 మీటర్ల వేగం. భూమ్యాకర్షణ దాన్ని 0.2 సెకనులో మింగేస్తుంది. నేల మీది నుంచి 45 సెంటీమీటర్లు ఎగరగలిగితే గాలిలో 0.6 సెకను ఉంటారు. రెండూ కలిపితే 0.8 సెకను, అంటే గోడ వెంబడి మూడున్నర మీటర్ల లోపు ప్రయాణం. గమనించారా, ఇందులో ముప్పావు వంతు నేల మీది ఎగురుడు ఇచ్చిందే. కోణం 10 డిగ్రీలకు తగ్గితే గోడవైపు వేగం మీటరు కూడా ఉండదు, బూటు రాసుకుంటూ జారిపోతుంది. 60 డిగ్రీలకు పెరిగితే వచ్చిన వేగంలో చాలావరకు గోడకు తగిలి, ముందుకు పోవడానికి బదులు వెనక్కి తుళ్లిపడతాం.

మీ విషయంలో జరుగుతున్నది దాదాపు ఇలా ఉంటుందని నా అంచనా. మొదటి అడుగుతో మీరు గోడను తన్నుతున్నారు. తన్నగానే గోడవైపు ఉన్న వేగమంతా ఆ ఒక్క అడుగులోనే చెల్లిపోయి, శరీరం బయటికి పోవడం మొదలవుతుంది. రెండో కాలు పూర్తిగా చాచుకుని గోడను అందుకుంటుంది గానీ అదమడానికి దాని వెనుక బరువు ఉండదు. మొదటి అడుగును మోకాలు కొంచెం వంచి ఆనించి, వచ్చిన వేగంలో కొంత మిగుల్చుకుని రెండోదానికి అందించాలి. అడుగు వేస్తున్నప్పుడు నడుము గోడకు మూర దూరంలో ఉండాలని, చప్పుడు తక్కువగా రావాలని మా కుర్రవాళ్లకు చెబుతుంటాను. ధబ్బుమని వినిపించిందంటే తన్నారన్నమాటే.

ఇది రుజువు చేసుకోవడానికి వీడియో కంటే గోడే మంచి సాక్షి. అనుమతి ఉన్న గోడ దగ్గర, బూటు అడుగుకు పలుచగా ఎర్రమట్టి దుమ్ము అంటించుకుని ఒక్కసారి పరుగెత్తండి, తరువాత దగ్గరికి వెళ్లి ఆ గుర్తులు చూడండి. సరిగ్గా పడిన అడుగు గుర్తు పాదం ముందు సగానిదే ఉంటుంది, వేళ్లు ఏటవాలుగా పైకీ ముందుకీ చూస్తుంటాయి, అంచులు స్పష్టంగా ఉంటాయి. జారిన అడుగు కిందికి తోకలా సాగి, పైభాగం ముద్దగా, చివర పలుచగా కనిపిస్తుంది. మొదటి గుర్తు నడుము ఎత్తు దాటి ఉంటే మీరు ఎగరకుండా కాలు ఎత్తుతున్నారు. రెండో గుర్తులో మడమ కూడా పడి ఉంటే శరీరం అప్పటికే వెనక్కి వాలిపోయింది. నేను ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పే గురువును చూడలేదు. సాధన అయ్యాక తడిబట్టతో గోడ తుడిచి రావడం మరచిపోకండి.

ఇక నేల మీది అడుగులు. గోడ కుడివైపు ఉందనుకుందాం. కొద్దిగా వంపు తిరిగిన దారిలో వచ్చి, చివరికి ముందున్న అడుగును కాస్త పొడుగ్గా వేసి నడుము దించి, చివరి అడుగు ఎడమ కాలితో, చేయి చాచితే గోడ అందీ అందనంత దూరంలో వేసి పైకి ఎగరండి. కుడి కాలు ముందుగా గోడ మీద పడుతుంది, ఎడమ కాలు దాన్ని దాటి ముందుకు పడుతుంది, చివరగా ఆనిన కాలితో బయటికి నెట్టుకుని దిగబోయే చోటు వైపు రొమ్ము తిప్పాలి. కళ్లు పాదాల మీద కాక, దిగబోయే చోటు మీద ఉండాలి. కుడి చేయి గోడను తాకవచ్చు గానీ దాని మీద ఆధారపడకూడదు.

అయితే రెండు అడుగుల మాట ఎత్తక ముందే దిగడం నేర్చుకోవాలి. పక్కకు పోతూ దిగేటప్పుడు చీలమండ మడతపడటం ఈ విద్యలో మామూలుగా తగిలే దెబ్బ. తక్కువ ఎత్తు అరుగు మీది నుంచి దూకి, పాదాల ముందు భాగం మీద, మోకాళ్లు వంచి, చప్పుడు లేకుండా దిగండి. తరువాత భుజం నుంచి ఎదుటి తుంటి వరకు ఏటవాలుగా దొర్లడం నేర్చుకోండి. మేము దొర్లడం పెన్నా ఇసుకలో నేర్చుకున్నాం, మీకు సముద్రం దగ్గరే ఉంది. కానీ ఇసుకలో బాగా వచ్చిందని సంతోషపడితే చాలదు, ఎందుకంటే ఇసుక తప్పుల్ని క్షమిస్తుంది, గట్టి నేల క్షమించదు. మధ్యలో గడ్డి మైదానమో దున్ని చదును చేసిన కబడ్డీ కోర్టో ఉంటే మంచిది. ఆ తరువాత ఒక్క అడుగుతో గోడను ఆనుకుని బయటికి దూకడం, రెండు వైపులా. కుడివైపు ఎంత వచ్చిందో ఎడమవైపు కూడా అంతే వచ్చేదాకా ముందుకు పోవద్దు.

ఇంటి ప్రహరీ విషయంలో నేను కొంచెం కఠినంగానే చెబుతాను. మన ఊళ్లలో చాలా ప్రహరీలు నాలుగున్నర అంగుళాల మందంతో, అక్కడక్కడ స్తంభాలతో కట్టినవి. పక్క నుంచి పడే తాకిడికి అవి బీటలు వారతాయి. ఈమధ్య కనిపించే సిమెంటు పలకల ప్రహరీలైతే చేత్తో నెట్టినా ఊగుతాయి. పైన గాజు పెంకులు గుచ్చిన గోడ జోలికి ఎంత పొట్టిదైనా పోవద్దు. సున్నం వేసిన గోడ అరచేతికి పొడి అంటిస్తుంది, అదే పొడి బూటుకూ అంటుతుంది. పుట్టీ పట్టించి రంగు వేసిన గోడ, చీమకుర్తి గ్రానైటు పలకలు తాపడం చేసిన గోడ చూడటానికే. కావలసింది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, గరుకు సిమెంటు పూత, అన్నిటికంటే ముఖ్యంగా దాని పక్కన కనీసం ఐదారు మీటర్ల ఖాళీ నేల. గోడను ఆనుకునే సైడు కాలువ ఉండే వీధుల్లో ఈ చివరిదే దొరకదు. ప్రహరీ కంటే పాత గోడౌన్ల, ఆటస్థలాల వెనుక గోడలు నాకు అనువుగా కనిపించాయి, అవి కూడా యజమానిని అడిగాకే.

అడగకుండా చేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అడిగి చేస్తున్నప్పుడే ఒక పెద్దావిడ ఆగి, "ఏంది నాయనా, ఆ గోడనెందుకు తంతుండావు, అదేం చేసింది నిన్ను?" అని నిలదీసింది. సాంకేతికంగా ఆవిడ అన్నది సరైన విమర్శే.

వానల గురించి కూడా ఆలోచించుకోండి. మన జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో గోడ పైకి ఆరినట్టే ఉన్నా, నీడవైపు సన్నని పాచి పట్టి ఉంటుంది. బూటును గోడకు ఆనించి, బరువు వేసి కిందికి లాగి చూడండి; తేలిగ్గా జారితే ఆ రోజు దొర్లడం, దిగడం సాధన చేసుకుని ఇంటికి వెళ్లండి. వేసవిలో తెల్లవారుజామే మేలు. బూట్లు ఖరీదైనవి అక్కరలేదు, అడుగు బల్లపరుపుగా, పలుచగా, మెత్తని రబ్బరుతో ఉంటే చాలు. ఇసుకలో నడిచి వచ్చాక తుడుచుకోకుండా గోడ ఎక్కవద్దు.

గుంజీలు మానమని చెప్పను. వాటిలో కొన్ని తగ్గించి ఒంటికాలి మీద ముందుకు గెంతడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం చేర్చండి, ఎందుకంటే ఎగురుడులో పనిచేసేవి ఎక్కువగా పిక్కలు, చీలమండలు. మొదటి వారాల్లో మోకాలి కింద ఎముక ముందువైపు నొప్పి మొదలైతే అది తగ్గేదాకా గోడ వద్దు. ఈ లోపు నేల మీద సుద్దతో 30 డిగ్రీల గీత గీసుకుని, గోడను తాకకుండా ఆ గీత మీద పరుగెత్తి చివరి అడుగు ఎప్పుడూ ఒకే చోట, ఎడమ కాలితోనే పడేట్టు చూసుకోండి.