ఆ గడిలో టిక్కు పెట్టేముందు

బుజ్జీ,

మీ అమ్మ పొద్దున ఫోన్ చేసి మాటల మధ్యలో చెప్పింది, ఇంటి బిల్లులకని నువ్వూ అతనూ కలిసి ఉమ్మడి ఖాతా తెరుస్తున్నారట, ఏ బ్యాంకులో తెరవాలా అని వారం రోజులుగా ఆరాలు తీస్తున్నారట. ఒక పక్క ముచ్చటేసింది. చిన్నప్పుడు నా పర్సులో చిల్లరంతా కింద పోసి లెక్కపెట్టి, మళ్లీ ఒక్కటి తగ్గకుండా అందులోనే పెట్టేసే పిల్లవి. ఇంకో పక్క మధ్యాహ్నం కన్ను మూతపడలేదు. అందుకే ఈ రాత. నవ్వుకుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

ఏ బ్యాంకు అన్నదానికి అంత బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కనీస నిల్వ ఎంత ఉంచాలి, నెలనెలా ఛార్జీలు పడతాయా, ఇద్దరికీ విడివిడిగా కార్డూ లాగినూ ఇస్తారా, మెసేజ్‌లు రెండు ఫోన్లకూ వస్తాయా, ఇవి అడుగు చాలు. వడ్డీ సంగతి వదిలెయ్. బిల్లులకని వేసిన డబ్బు అక్కడ పది రోజులు నిలవదు, దానికి వడ్డీ ఏం వస్తుంది?

నా బెంగంతా ఫారంలో ఒక మూల ఉండే గడి గురించి. ఖాతా ఎవరు నడుపుతారు అని అడుగుతుంది. 'ఇద్దరూ కలిసి' అని ఒకటి, 'ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికి ఉన్నవారు' అని ఇంకొకటి. పెళ్లయిన కొత్తలో మీ పెదనాన్నా నేనూ ఆ ఫారం ముందేసుకుని కూర్చున్నాం. 'కలిసి' అన్న మాట చూసి నేను మురిసిపోయాను. రెండోదాంట్లో ఆ 'బతికి ఉన్నవారు' అన్న ముక్క కంటపడగానే ఒళ్లు జలదరించింది, శుభమా అని కాపురం పెడుతుంటే ఆ మాటేంటని. ఆయనేదో అనబోతుంటే మోచేత్తో ఒక పోటు పొడిచి, మొదటిదానికి టిక్కు పెట్టేశాను. దాని అర్థం ఏమిటంటే ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి, ఒక్కటి లేకపోయినా చిల్లిగవ్వ కదలదు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఆయన బాత్‌రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. వేళ్ల దాకా సిమెంటు కట్టు. అద్దె తారీఖు నెత్తిమీదికొచ్చింది. జీతాలు రెండూ ఆ ఖాతాలోనే, నా పేరున విడిగా ఏమీ లేదు, పెట్టుకోవాలన్న తెలివి కూడా లేదు. రాత్రిళ్లు మంచం మీద పాత పేపరు పరుచుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒకటో క్లాసు పిల్లాడిలా ఎడమ చేత్తో సంతకం ప్రాక్టీసు చేసేవారు. ఎన్ని పెట్టినా కోడి కెలికినట్టే. వాటిలో కాస్త నయంగా ఉన్నదాన్ని చూసి, అచ్చం అలాగే చెక్కు మీద పెట్టించి తీసుకెళ్తే, కౌంటర్లో అమ్మాయి పాత సంతకంతో పోల్చి చూసి, నవ్వాపుకుంటూ, వెనక్కిచ్చేసింది. డాక్టరు కాగితం, వేలిముద్ర, దానికి సాక్షులు, ఇదంతా అయ్యేసరికి 11 రోజులు. ఖాతాలో డబ్బుంది, అందులో నా సొంత జీతం ఉంది, నేను మాత్రం పక్కింటావిడ దగ్గర చేబదులు తీసుకుని అద్దె కట్టాను. "ఇద్దరూ ఉద్యోగస్తులే కదా" అందావిడ, ఇంకేమీ అనలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కట్టు విప్పి చెయ్యి తిరగ్గానే వెళ్లి మార్పించాం. మార్చడానికీ ఇద్దరి సంతకాలు కావాలి మరి!

కాబట్టి నువ్వు 'ఎవరైనా' అన్నదానికే పెట్టు. నువ్వేమంటావో నాకు తెలుసు, ఎవరైనా అంటే ఒక్కరే మొత్తం ఊడ్చేయొచ్చు కదా పెద్దమ్మా అని. ఊడ్చేయొచ్చు. ఎవరి వాటా ఎంత అని బ్యాంకు అడగదు. అందుకే, పోతే ప్రాణం మీదికొచ్చేంత డబ్బు అందులో ఉంచొద్దు. బిల్లులకెంతో అంత, పైన ఇంకో నెలకి సరిపడా. ఎవరి జీతం వాళ్ల సొంత ఖాతాలో పడాలి, అక్కణ్ణుంచి వాటా ఇక్కడికి రావాలి. నీ పేరున విడిగా ఖాతా ఉండి తీరాలి. అనుమానంతో కాదే తల్లీ, అతను బంగారమని మీ అమ్మ చెబుతూనే ఉంది. నేను మాత్రం మీ పెదనాన్నని అనుమానించానా?

వాటాలు సగం సగం అంటే మొహమాటానికి ఒప్పుకోకు. ఇద్దరి జీతం కలిపి 100 అనుకో, అతనిది 60, నీది 40, బిల్లులు 60. సగం సగమైతే అతనికి 30 మిగులుతుంది, నీకు 10. జీతాన్ని బట్టి వేసుకుంటే అతను 36, నువ్వు 24 కడతారు, మిగిలేది అతనికి 24, నీకు 16. ఆ 10కీ 16కీ మధ్య ఎన్ని అలకలుంటాయో నీకిప్పుడు తెలియదు.

జీతం పడ్డ మర్నాడే వాటా వెళ్లిపోయేలా, బిల్లులు ఆ తర్వాత కట్ అయ్యేలా తారీఖులు పెట్టుకోండి. ఏడాదికోసారి వచ్చే ఇన్సూరెన్స్‌ని 12 భాగాలు చేసి నెలనెలా వేయండి. ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో లేని డబ్బు కూడా తీసుకోనిచ్చే అప్పు, ఇస్తామంటే వద్దను. ఎవరు వాడినా బాకీకి ఇద్దరూ జవాబు చెప్పాలి, నేను ముట్టుకోలేదు మొర్రో అంటే వినరు.

ఇక ఆ 'బతికి ఉన్నవారు' అన్న ముక్క. మూడేళ్ల కిందట మీ పెదనాన్న పోయిన నెల నేను ఏ కాగితమూ ముట్టుకోలేదు. ఒకరోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కరెంటు బిల్లు కట్టడం అయిందని. నాకు చేతకాదని దాన్ని ఆటో పేమెంట్‌లో పెట్టింది ఆయనే. ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏ ముక్క చూసి జడుసుకున్నానో, ఆ ముక్క ఉండబట్టే ఖాతా ఆగలేదు.

నామినీ గడి, అదే మీ తర్వాత డబ్బు ఎవరి చేతికివ్వాలో రాసేది, అది కూడా ఖాళీగా వదలకండి. ఫారం నింపాక, సంతకాలు పెట్టకముందు, ఫోటో తీసి నాకు పంపు. కళ్లజోడు మార్చాను, చిన్నక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. అతన్ని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ