గాలానికి చిక్కిన చేపకు నొప్పి తెలుస్తుందా?

ప్రశ్న: గాలానికి చిక్కిన చేప గిలగిల కొట్టుకోవడం నొప్పి వల్లనా, లేక అది అసంకల్పిత ప్రతీకార చర్య మాత్రమేనా? నోరులేని జీవి బాధను శాస్త్రం ఎలా తెలుసుకుంటుంది?

జవాబు: కొట్టుకోవడం ఒక్కటే నొప్పికి రుజువు కాదు, అందుకే ఆ కుదుపు ఆగాక జీవి ఏం చేస్తుందో గమనిస్తారు. 2003లో జీవశాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, ఎక్కించినప్పుడు అవి పెదవులను తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు రాసుకున్నాయి. ఉప్పునీరు ఎక్కించిన చేపల కంటే చాలా ఆలస్యంగా మేత ముట్టాయి. మార్ఫిన్ ఇస్తే ఆ రాపిడి బాగా తగ్గింది. నొప్పి మందు పనిచేసిందంటే అక్కడ నొప్పి ఉండి ఉండాలన్నది నాకు బలమైన వాదనగా తోస్తుంది. మనకున్న పొరల కార్టెక్స్, అంటే మెదడు పైభాగం, చేపకు లేదు కనుక అనుభూతి ఉండదనే శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు గానీ, అలాంటి పొరలు కోళ్లకూ లేవు. అయినా మరో ప్రయోగంలో కుంటుతున్న కోళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాటి కంటే ఎక్కువగా, నొప్పి మందు కలిపిన దాణానే ఎంచుకుని తిన్నాయి.